గృహ విద్యుత్ పొదుపు: సామర్థ్య సాధనాలు, పైకప్పు సౌరవిద్యుత్తు

గృహ విద్యుత్ పొదుపు అంటే ఇంటి అవసరాలకు లోటు రాకుండా కరెంటు ఖర్చును తగ్గించుకునే పద్ధతుల సముదాయం. ఇందులో రెండు పాయలున్నాయి. మొదటిది విద్యుత్ సామర్థ్యం: అంతే వెలుతురు, అంతే గాలి, అంతే చల్లదనం తక్కువ యూనిట్లతో పొందడం. రెండోది పునరుత్పాదక ఉత్పత్తి: ఎండ వంటి తరగని వనరుతో ఇంటికి కావలసిన కరెంటునో, వేడినీళ్లనో అక్కడికక్కడే తయారుచేసుకోవడం. ఈ వ్యాసం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల గృహ వినియోగాన్ని ప్రధానంగా తీసుకుంటుంది. పెద్ద సౌర పార్కులు, సేద్యపు పంపుసెట్ల ప్రస్తావన అవసరమైన మేరకే ఉంటుంది.

కొలమానాలు

పరికరం ఒక క్షణంలో ఎంత విద్యుత్తు లాగుతుందో వాట్ చెబుతుంది. అది మొత్తం మీద ఎంత వాడిందో యూనిట్ చెబుతుంది. వెయ్యి వాట్ల పరికరం గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్, అంటే ఒక కిలోవాట్-అవర్. బిల్లు వచ్చేది యూనిట్ల మీదే కాబట్టి వాట్లతో పాటు గంటలనూ లెక్కలోకి తీసుకోవాలి. వారానికి గంటసేపు వాడే 1000 వాట్ల ఇస్త్రీపెట్టె నెలకు సుమారు 4 యూనిట్లు కాలుస్తుంది. రోజుకు 12 గంటలు తిరిగే 75 వాట్ల సీలింగ్ ఫ్యాన్ అదే నెలలో 27 యూనిట్లు కాలుస్తుంది. చాలా ఇళ్లలో ఇస్త్రీపెట్టె మీద ఉన్న జాగ్రత్త ఫ్యాన్ల మీద ఉండదు.

సౌర ఫలకాల సామర్థ్యాన్ని కిలోవాట్లలోనే చెబుతారు. 1 కిలోవాట్ వ్యవస్థ అంటే ప్రామాణిక పరీక్షా పరిస్థితుల్లో, అంటే చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండ, 25 డిగ్రీల సెల్ ఉష్ణోగ్రత ఉన్నప్పుడు, అంత శక్తిని ఇవ్వగలిగేది. ఇంటి పైకప్పు మీద ఆ రెండూ ఒకేసారి కుదరడం అరుదు.

చరిత్ర

ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఎడ్మండ్ బెకరెల్ 1839లో కాంతి తగిలినప్పుడు విద్యుత్ ప్రవాహం పుట్టడాన్ని గమనించాడు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ 1954లో పనికివచ్చే తొలి సిలికాన్ సౌరఘటాన్ని ప్రదర్శించారు. దాని సామర్థ్యం సుమారు 6 శాతం. నేడు మార్కెట్లో దొరికే ప్యానెళ్లలో అది 20 శాతం దాటింది. 1973 చమురు సంక్షోభం తర్వాత పొదుపు, ప్రత్యామ్నాయ ఇంధనం అనే రెండు ఆలోచనలూ ప్రభుత్వ విధానాల్లోకి వచ్చాయి.

భారతదేశంలో ఇంధన సంరక్షణ చట్టం 2001లో వచ్చింది. దాని ప్రకారం 2002 మార్చి 1న ఇంధన సామర్థ్య బ్యూరో ఏర్పడింది. గృహోపకరణాల మీద నక్షత్రాల గుర్తును ఆ బ్యూరో 2006లో ప్రవేశపెట్టింది. జాతీయ సౌర మిషన్ 2010 జనవరిలో మొదలైంది. అప్పటి లక్ష్యం 20 గిగావాట్లు. 2015లో దాన్ని 100 గిగావాట్లకు పెంచి, అందులో 40 గిగావాట్లు ఇళ్ల, భవనాల పైకప్పుల మీద నుంచి రావాలన్నారు. దేశ సౌర సామర్థ్యం 2025 జనవరిలో 100 గిగావాట్ల గీత దాటింది. అయితే ఆ విస్తరణలో పెద్దవాటా నేల మీది సౌర పార్కులదే. కర్నూలు జిల్లా ఓర్వకల్లు ప్రాంతంలో 2017లో పూర్తయిన 1000 మెగావాట్ల పార్కు, రామగుండం జలాశయం మీద 2022లో పూర్తయిన 100 మెగావాట్ల తేలియాడే ప్లాంటు ఆ కోవలోవి.

వెలుతురు రంగంలో మార్పు ఇంతకన్నా వేగంగా జరిగింది. తెల్లని ఎల్‌ఈడీ దీపానికి మూలమైన నీలి ఎల్‌ఈడీని కనిపెట్టిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమగోదావరి జిల్లాల్లో ఇంటింటికీ ఎల్‌ఈడీ బల్బులు ఇచ్చే కార్యక్రమం మొదలైంది. 2015 జనవరి 5న అది దేశవ్యాప్తమైంది, తర్వాత ‘ఉజాలా’ అన్న పేరు పొందింది. ప్రభుత్వరంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ టోకున కొన్న బల్బు ధర 2014లో సుమారు 310 రూపాయలు ఉండగా, 2016 నాటికి 38 రూపాయలకు దిగింది. పథకం కింద పంచిన బల్బులు 36 కోట్లు దాటాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వీధిదీపాలను నేలకూల్చాక, నగరం పాత సోడియం దీపాల బదులు ఎల్‌ఈడీలనే పెట్టుకుంది.

బిల్లు నిర్మాణం: స్లాబుల ప్రభావం

కరెంటు ధర తెలుగు రాష్ట్రాల్లో ఎప్పుడూ సున్నితమైన విషయమే. చార్జీల పెంపునకు వ్యతిరేకంగా 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో జరిగిన నిరసన మీద పోలీసులు కాల్పులు జరపగా ముగ్గురు మరణించారు. ఆ తర్వాతి ప్రభుత్వాలన్నీ చిన్న వినియోగదారుల రేట్లను తక్కువగా ఉంచి, ఎక్కువ వాడేవారి మీద ఎక్కువ రేటు వేస్తూ వచ్చాయి. పొదుపు లెక్కకు ఈ స్లాబులే పునాది.

ఆంధ్రప్రదేశ్‌లో 2022–23లో అమల్లోకి వచ్చిన గృహ టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 31 నుంచి 75 వరకు 3.00, 76 నుంచి 125 వరకు 4.50, 126 నుంచి 225 వరకు 6.00, 226 నుంచి 400 వరకు 8.75, ఆపైన 9.75. ఏ స్లాబులోని యూనిట్‌కు ఆ స్లాబు రేటే పడుతుంది. దీని ప్రకారం 300 యూనిట్ల ఇంటికి విద్యుత్ చార్జీ 1,673 రూపాయలు. సగటున యూనిట్ ధర 5.58 అవుతుంది. అదే ఇల్లు 200 యూనిట్లకు దిగితే చార్జీ 867 రూపాయలే. తగ్గిన వంద యూనిట్ల విలువ 806 రూపాయలు, అంటే ఒక్కోటి 8 రూపాయల పైమాటే. పొదుపు చేసిన ప్రతి యూనిట్ బిల్లులోని పైస్లాబు నుంచి తగ్గుతుంది. కాబట్టి బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి సగటు ధరతో లాభం లెక్కగట్టేవారు పొదుపు విలువను తక్కువగా అంచనా వేస్తున్నట్టే.

తెలంగాణలో నిర్మాణం వేరు. ఇక్కడ నెల వినియోగాన్ని బట్టి ఇల్లు ఏ వర్గంలోకి వస్తుందో తేలుతుంది, రేట్లు ఆ వర్గాన్ని బట్టి మారతాయి. 2022–23 టారిఫ్ ప్రకారం 100 దాటి 200 యూనిట్ల వరకు వాడే వర్గంలో మొదటి వంద యూనిట్లకు 3.40, రెండో వందకు 4.80 రూపాయలు. 200 దాటితే మొదటి 200 యూనిట్లకూ 5.10 పడుతుంది, ఆపైన 300 వరకు 7.70. అందువల్ల సరిగ్గా 200 యూనిట్లు వాడిన ఇంటికి 820 రూపాయలు, 201 వాడిన ఇంటికి 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు. గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి అర్హులైన రేషన్‌కార్డు కుటుంబాలకు 200 యూనిట్ల లోపు బిల్లు సున్నా. ఆ గీత దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టాల్సిందే. ఈ గీతకు దగ్గరలో ఉన్న ఇళ్లకు ఒక పాత ఫ్యాన్ మార్చడం కూడా పెద్ద నిర్ణయమే.

పై లెక్కల్లో స్థిర చార్జీ, కస్టమర్ చార్జీ, విద్యుత్ సుంకం, ఇంధన సర్దుబాటు, పాత ఖర్చుల తేడాను వసూలుచేసే ట్రూ-అప్ చార్జీలు కలపలేదు. స్థిర చార్జీ యూనిట్లు తగ్గినా తగ్గదు. సర్దుబాటు చార్జీలు యూనిట్ల మీద వేసేవి కనుక యూనిట్లతో పాటే తగ్గుతాయి.

గృహోపకరణాల సామర్థ్యం

ఫ్యాన్లు. తెలుగు నేల మీద ఏడాదిలో ఎక్కువ రోజులు ఫ్యాన్ తిరగాల్సిందే కనుక ఇంటి పొదుపులో మొదట చూడవలసింది ఇదే. పాత ఇండక్షన్ మోటారు ఫ్యాన్ 70 నుంచి 80 వాట్లు లాగుతుంది. అయస్కాంతపు రోటరు, ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉన్న బీఎల్‌డీసీ ఫ్యాన్ అదే గాలిని 28 నుంచి 35 వాట్లతో ఇస్తుంది. ఇండక్షన్ మోటారులో రోటరుకు అయస్కాంతత్వం కల్పించడానికే కొంత కరెంటు పోతుంది, వేడిగా మారుతుంది. బీఎల్‌డీసీలో శాశ్వత అయస్కాంతం ఉంటుంది కాబట్టి ఆ నష్టం లేదు. సీలింగ్ ఫ్యాన్లకు నక్షత్రాల గుర్తు 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. నాలుగు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగే ఇంట్లో 75 వాట్లవి తీసి 30 వాట్లవి పెడితే నెలకు 65 యూనిట్లు తగ్గుతాయి.

దీపాలు. 60 వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుతురును 9 వాట్ల లోపు ఎల్‌ఈడీ ఇస్తుంది. చాలా ఇళ్లలో బల్బులు మారినా పట్టీచోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్లు ఇంకా మిగిలే ఉన్నాయి. 40 వాట్ల ట్యూబ్ చోక్‌తో కలిపి 50 వాట్ల పైన లాగుతుంది. దాని స్థానంలో వచ్చిన ఎల్‌ఈడీ బ్యాటన్‌కు 20 వాట్లు చాలు.

ఏసీలు. ఏసీ మీది ఐసీర్ అనే అంకె, చల్లదనపు కాలం మొత్తంలో అది తీసేసిన వేడికీ, వాడిన కరెంటుకూ ఉన్న నిష్పత్తి. గుర్తు మీది వార్షిక యూనిట్లను ఏడాదికి 1600 గంటల వాడకం ఆధారంగా లెక్కిస్తారు. ఎన్ని గంటలు వాడతారన్నదాన్ని బట్టే మూడు నక్షత్రాలా, ఐదు నక్షత్రాలా అన్నది తేల్చుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి కొన్ని గంటలు మాత్రమే వాడే ఇంటికి ఐదు నక్షత్రాల అదనపు ధర తిరిగి రావడానికి చాలా ఏళ్లు పట్టవచ్చు. నక్షత్రాల ప్రమాణాన్ని బ్యూరో ఎప్పటికప్పుడు బిగిస్తుంది కనుక పాత ఐదు నక్షత్రాల యంత్రం నేటి కొలతలో అంతకన్నా తక్కువ స్థాయికి దిగవచ్చు. నక్షత్రాల గుర్తున్న గది ఏసీలన్నీ 2020 జనవరి 1 నుంచి 24 డిగ్రీల వద్ద ఆన్ అయ్యేలా తయారవుతున్నాయి. ఉష్ణోగ్రతను ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో అంచనా. 26 డిగ్రీలు పెట్టి నెమ్మదిగా ఫ్యాన్ వేసుకుంటే, ఫ్యాన్ లేకుండా 23, 24 డిగ్రీల్లో ఉన్నంత హాయి ఉంటుంది.

నీళ్ల వేడి. 20 లీటర్ల బకెట్ నీటిని 25 నుంచి 45 డిగ్రీలకు వేడిచేయడానికి దాదాపు అర యూనిట్ కావాలి. ఇది భౌతికశాస్త్ర నియమం. కాయిల్‌తో వేడిచేసే ఏ గీజర్ అయినా, ఏ కంపెనీదైనా దీన్ని తగ్గించలేదు. రోజుకు నాలుగు బకెట్లు కాచుకునే ఇంట్లో నెలకు 55 యూనిట్ల వరకు దీనికే పోతాయి. ఇక్కడ పొదుపు చేయాలంటే వేడికి వేరే మూలం చూసుకోవడమే దారి (చూ. ‘రకాలు’లో సౌర నీటి హీటర్).

రిఫ్రిజిరేటర్, తదితరాలు. ఫ్రిజ్ ఏడాది పొడవునా నడిచే పరికరం కనుక దాని గుర్తు మీద ఉన్న వార్షిక యూనిట్లను కొనేటప్పుడే చూడాలి. తలుపు రబ్బరు వదులైతే, వెనుక గాలి ఆడకపోతే వాడకం పెరుగుతుంది. స్టాండ్‌బైలో వదిలేసిన సెట్‌టాప్ బాక్సు 10 వాట్లు లాగితే నెలకు 7 యూనిట్లు అవుతుంది.

భవనమే సాధనంగా

కాంక్రీటు శ్లాబు పగలంతా ఎండను మింగి రాత్రి గదిలోకి వేడిని వదులుతుంది. పై అంతస్తు గదిలో ఏసీ ఎక్కువసేపు నడవడానికి ఇదే కారణం. శ్లాబు మీద సున్నం వేయడం, తెల్లని ప్రతిఫలన పూత పూయడం, తెల్ల టైల్స్ పరచడం వంటివి ఎండను వెనక్కి పంపుతాయి. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో 2023–28 కాలానికి చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల పైకప్పును ఇలా మార్చాలన్నది దాని లక్ష్యం. 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే కొత్త ఇళ్లకు దీన్ని తప్పనిసరి చేశారు. నివాస భవనాల పైకప్పు, గోడలు, కిటికీల వేడి మీద కేంద్రం 2018లో ఎకో నివాస్ సంహిత అనే ప్రమాణాన్ని తెచ్చింది. హైదరాబాద్‌లోని సీఐఐ–సొహ్రాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రం 2003లోనే అమెరికా వెలుపల తొలి లీడ్ (హరిత భవనాల ప్రమాణం) ప్లాటినం భవనంగా గుర్తింపు పొందింది.

పైకప్పు సౌరవిద్యుత్తు: పనిచేసే తీరు

సిలికాన్ సెల్ మీద పడిన కాంతి ఎలక్ట్రాన్లను విడదీస్తుంది. సెల్‌లోని రెండు పొరల సంధి వాటిని ఒక దిశలో నడిపిస్తుంది, ఏకదిశ విద్యుత్తు పుడుతుంది. ఇన్వర్టర్ దాన్ని ఇంటికి పనికివచ్చే ఏకాంతర విద్యుత్తుగా మారుస్తుంది. ప్యానెళ్లు, వాటిని పట్టి ఉంచే ఇనుప స్టాండు, ఇన్వర్టర్, రక్షణ పెట్టెలు, ఎర్తింగ్, పిడుగు నిరోధకం, మీటరు కలిస్తే పూర్తి వ్యవస్థ అవుతుంది.

1 కిలోవాట్‌కు నీడ పడని సుమారు 100 చదరపు అడుగుల చోటు కావాలి. రోజుకు సగటున 4 యూనిట్లు, నెలకు 120, ఏడాదికి 1400 నుంచి 1500 యూనిట్లు వస్తాయి. ప్యానెళ్లను దక్షిణానికి తిప్పి, ఆ ఊరి అక్షాంశానికి దగ్గరి వాలులో బిగిస్తారు. తెలుగు ప్రాంతాలకు అది 13 నుంచి 19 డిగ్రీల మధ్య ఉంటుంది.

ఎండ ఎక్కువైతే కరెంటు కూడా ఎక్కువ వస్తుందన్న నమ్మకం సగమే నిజం. సెల్ 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకి ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే ఈ ఒక్క కారణంగానే 12 నుంచి 16 శాతం పోతుంది. అందుకే ప్యానెళ్లను శ్లాబుకు ఆనించకుండా కింద గాలి ఆడేలా ఎత్తులో బిగించాలి.

నీడ ఇంకా ఎక్కువ నష్టం చేస్తుంది. సెల్‌లను గొలుసులా వరసగా కలుపుతారు కనుక ఒక మూల మీద పడిన నీడ ఆ వరస మొత్తాన్ని అడ్డుకోగలదు. మేడ మీది నీళ్ల ట్యాంకు, మెట్లగది, పక్కింటి కొబ్బరిచెట్టు మన ఊళ్లలో సాధారణంగా ఎదురయ్యే అడ్డంకులు. స్థలం చూడడానికి వచ్చినవారు మధ్యాహ్నం మాత్రమే చూసి వెళ్తే సరిపోదు. ఉదయం తొమ్మిదికి, సాయంత్రం నాలుగుకు నీడ ఎక్కడ పడుతుందో చూడాలి. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలినప్పుడు ఆ నీడలు ఇంకా పొడుగవుతాయి. కొంత నీడ తప్పని చోట మైక్రో ఇన్వర్టర్లు నష్టాన్ని ఆ ఒక్క ప్యానెల్‌కే పరిమితం చేస్తాయి.

దుమ్ము కూడా ఉత్పత్తిని తగ్గిస్తుంది. వారం, పదిరోజులకు ఒకసారి తెల్లవారుజామున, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు, మంచినీటితో మెత్తని గుడ్డ పెట్టి కడగాలి. బోరు ఉప్పునీరు తెల్లటి పొర కడుతుంది. కోస్తాలో తుపాను గాలులను తట్టుకునేలా స్టాండును కాంక్రీటులో బిగించడం ముఖ్యం. కోతుల బెడద ఉన్న ఊళ్లలో తీగలను గొట్టాల్లో దాచాలి.

రకాలు

గ్రిడ్‌తో కలిపిన వ్యవస్థకు బ్యాటరీ ఉండదు. పగలు మిగిలిన కరెంటు లైనులోకి పోతుంది, రాత్రి లైను నుంచి వస్తుంది. ఇళ్లకు అన్నిటికన్నా చవకైనది ఇదే. అయితే వీధిలో కరెంటు పోతే ఇది కూడా ఆగిపోతుంది. లైను మీద పనిచేసే సిబ్బందికి ప్రమాదం రాకుండా ఇన్వర్టర్‌లో పెట్టిన ఏర్పాటు అది. పట్టపగలు ప్యానెళ్ల మీద ఎండ కాస్తున్నా ఇంట్లో ఫ్యాన్ తిరగదు. కొనేముందు వినియోగదారుడికి చెప్పాల్సిన మొదటి విషయం ఇదే. చాలామంది అమ్మకందారులు చివరిదాకా చెప్పకుండా ఉండేది కూడా ఇదే.

గ్రిడ్‌తో సంబంధం లేని వ్యవస్థ బ్యాటరీల మీద ఆధారపడుతుంది. లైను చేరని గిరిజన గూడేలకు, పొలంలోని ఇళ్లకు సరిపోతుంది. రెండూ కలిసిన హైబ్రిడ్‌లో గ్రిడ్, బ్యాటరీ రెండూ ఉంటాయి, ఖర్చు ఎక్కువ. కోతలు తక్కువగా ఉన్న పట్టణాల్లో బ్యాటరీకి పెట్టిన డబ్బు పొదుపుగా తిరిగి రావడం కష్టం.

సౌర నీటి హీటర్ కరెంటును తయారుచేయదు, వేడిని నేరుగా నీటికి ఇస్తుంది. నలుగురి కుటుంబానికి 100 లీటర్ల పరికరం సరిపోతుంది. గాజు గొట్టాల రకం చవక. రాగి పలకల రకం ఎక్కువ కాలం మన్నుతుంది, ఉప్పునీరు మాత్రం దీనికి పడదు. సౌర ఉష్ణాన్ని పెద్దయెత్తున వాడుకున్నదానికి తిరుమల అన్నదానం ఉదాహరణ. అక్కడ 2002లో ఎండను అద్దాలతో కేంద్రీకరించి ఆవిరి పుట్టించి వంటకు వాడే ఏర్పాటు చేశారు.

నెట్ మీటరింగ్

నెట్ మీటర్ రెండు దిశలనూ లెక్కపెడుతుంది. ఇంట్లోకి వచ్చినవి ఇంపోర్ట్, బయటకు పోయినవి ఎక్స్‌పోర్ట్. ప్యానెళ్లు ఇచ్చిన మొత్తాన్ని వేరే మీటరు చూపుతుంది. నెలకు 312 యూనిట్లు వాడే ఇంటి మీద 2 కిలోవాట్ల వ్యవస్థ 240 యూనిట్లు ఇచ్చిందనుకుంటే, పగటిపూట ఇల్లు అందులో 90 వాడుకుంటుంది, 150 లైనులోకి పోతుంది. రాత్రి, తెల్లవారుజామున 222 యూనిట్లు లోపలికి వస్తాయి. బిల్లు 222 నుంచి 150 తీసేసి 72 యూనిట్లకే వస్తుంది. ఆంధ్రప్రదేశ్ టారిఫ్‌లో దానికి విద్యుత్ చార్జీ 183 రూపాయలు. ఎగుమతి దిగుమతిని మించిన నెలలో మిగులు తర్వాతి నెలలకు జమవుతుంది. సెటిల్మెంట్ కాలం చివర మిగిలినదానికి విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయించిన ధర ఇస్తారు. ఆ ధర వినియోగదారుడు కట్టే పైస్లాబు రేటు కన్నా బాగా తక్కువ. అందువల్ల ఇంటి అవసరాన్ని మించి ప్యానెళ్లు పెట్టడం లాభసాటి కాదు.

విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమావళి 2020లో వచ్చింది. 2024 సవరణ ప్రకారం 10 కిలోవాట్ల లోపు దరఖాస్తులకు సాంకేతిక సాధ్యత పరిశీలన అవసరం లేదు. 5 కిలోవాట్ల లోపు అయితే లైను, ట్రాన్స్‌ఫార్మర్ బలోపేతం ఖర్చు విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం)దే. ఆంధ్రప్రదేశ్‌లో తూర్పు, మధ్య, దక్షిణ డిస్కంలు, తెలంగాణలో ఉత్తర, దక్షిణ డిస్కంలు వీటిని అమలుచేస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో నెడ్‌క్యాప్, తెలంగాణలో టీజీరెడ్కో రాష్ట్ర స్థాయి పునరుత్పాదక ఇంధన సంస్థలు.

రాయితీలు, ఖర్చు–రాబడి

పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజ్లీ యోజన 2024 ఫిబ్రవరిలో మొదలైంది. కోటి ఇళ్ల లక్ష్యంతో 75,021 కోట్ల రూపాయలు కేటాయించారు. 1 కిలోవాట్‌కు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు, ఆపైన ఎంతైనా 78,000 రూపాయలు రాయితీ. దేశీయంగా తయారైన సెల్‌లు, ప్యానెళ్లు వాడితేనే ఇది వర్తిస్తుంది. వ్యవస్థ పనిచేయడం మొదలయ్యాక డబ్బు వినియోగదారుడి ఖాతాలో పడుతుంది. అపార్ట్‌మెంట్లలో లిఫ్టు, మోటారు వంటి ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000 ఇస్తారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీనికి తోడుగా ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు ఉచితంగా, బీసీ కుటుంబాలకు అదనపు రాయితీతో ఏర్పాటు చేసే కార్యక్రమం చేపట్టింది. సౌర పరికరాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది.

కేంద్రం రాయితీని లెక్కకట్టిన ప్రామాణిక ధర మొదటి రెండు కిలోవాట్లకు 50,000 చొప్పున, మూడోదానికి 45,000 రూపాయలు. మార్కెట్ ధర స్టాండు ఎత్తును బట్టి, ప్యానెల్ రకాన్ని బట్టి దీనికన్నా ఎక్కువగానే ఉంటుంది. పోలిక కోసం ఈ ప్రామాణిక ధరనే తీసుకుని ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 400 యూనిట్లు వాడే ఇంటిని చూడవచ్చు. దాని విద్యుత్ చార్జీ 2,548 రూపాయలు. నేరుగా 3 కిలోవాట్లు పెట్టుకుంటే రాయితీ పోను ఖర్చు 67,000. అలా కాకుండా ముందు నాలుగు పాత ఫ్యాన్లు, రోజుకు ఆరు గంటలు వెలిగే నాలుగు ట్యూబ్‌లైట్లు మార్చితే సుమారు 13,000 రూపాయల ఖర్చుతో 88 యూనిట్లు తగ్గుతాయి. అవన్నీ 8.75 స్లాబులోవే కనుక నెలకు 770 రూపాయలు మిగులుతాయి, ఏడాదిన్నరలోపే పెట్టుబడి తిరిగి వస్తుంది. మిగిలిన 312 యూనిట్లకు 2 కిలోవాట్లు చాలు, రాయితీ పోను ఖర్చు 40,000. రెండూ కలిపి 53,000. చివరికి వచ్చే విద్యుత్ చార్జీ రెండు దారుల్లోనూ 200 రూపాయల లోపే. మొదటి దారిలో 14,000 ఎక్కువ ఖర్చు, వంద చదరపు అడుగుల మేడ ఎక్కువ అవసరం.

ప్యానెళ్లు 25 ఏళ్లు పనిచేస్తాయి, ఏటా ఉత్పత్తి అర శాతానికి కాస్త అటూ ఇటూ తగ్గుతుంది. ఇన్వర్టర్ మాత్రం అంతకాలం రాదు. మధ్యలో ఒకసారైనా మార్చాల్సి వస్తుందని ముందే లెక్కలో వేసుకోవాలి.

గ్రామాలు, సేద్యం

తెలంగాణలో నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లి, ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి జిల్లా నారావారిపల్లె 2025లో ఊరంతా పైకప్పు సౌరవిద్యుత్తుకు మారిన గ్రామాలుగా పేరు పొందాయి. ఇద్దరు ముఖ్యమంత్రుల స్వగ్రామాలు కనుక వాటికి దొరికిన శ్రద్ధ ప్రతి ఊరికీ దొరకదు. అయినా మామూలు ఇళ్ల కప్పుల మీద ఇది సాధ్యమేనని అవి చూపాయి. సేద్యానికి సౌర పంపుల మీద రాయితీ ఇచ్చే పీఎం కుసుమ్ పథకం 2019లో మొదలైంది. తెలంగాణ 2025 మేలో నల్లమల ప్రాంతంలోని మాచారంలో ప్రారంభించిన ఇందిర సౌర గిరి జల వికాసం పోడు పట్టాలున్న గిరిజన రైతులకు సౌర పంపుసెట్లు ఇవ్వడానికి ఉద్దేశించినది.

పరిమితులు, చర్చలు

ఎక్కువ రేటు కట్టే వినియోగదారులు సౌరవిద్యుత్తుకు మారితే డిస్కంల ఆదాయం తగ్గి, లైన్ల నిర్వహణ భారం ప్యానెళ్లు పెట్టుకోలేని వారి మీద పడుతుందన్నది ఒక వాదన. పగటి సరఫరా ఇంటి దగ్గరే పుట్టడం వల్ల లైను నష్టాలు తగ్గుతాయన్నది ఎదుటి వాదన. రెండింటిలోనూ నిజముంది. సాయంత్రం ఏడు తర్వాతి గిరాకీని ప్యానెళ్లు తీర్చలేవు. ఆ గంటల్లో కరెంటు కొనడానికే డిస్కంలకు ఎక్కువ ఖర్చవుతుంది. 2023లో కేంద్రం తెచ్చిన నియమాలు ఎండ ఉన్న గంటల్లో రేటు 10 నుంచి 20 శాతం తక్కువగా, గిరాకీ గంటల్లో అంతే ఎక్కువగా ఉండాలంటున్నాయి. ఈ విధానం స్మార్ట్ మీటర్లతో ఇళ్లకు వచ్చినప్పుడు నెట్ మీటరింగ్ లాభం మారుతుంది. సామర్థ్యం వల్ల వచ్చే లాభం మాత్రం రాత్రీ పగలూ ఉంటుంది.

ఉచిత విద్యుత్ పరిమితులు పేద ఇళ్లకు ఊరట. కానీ ఆ గీత లోపల ఉన్నవారికి పొదుపు చేయడానికి ఆర్థిక కారణం మిగలదు. సామర్థ్యం పెరిగితే వాడకం కూడా పెరుగుతుందన్న విషయాన్ని బ్రిటిష్ ఆర్థికవేత్త జెవన్స్ 1865లోనే బొగ్గు విషయంలో చెప్పాడు. ఏసీ బిల్లు తగ్గిందని రెండో గదిలోనూ ఏసీ పెట్టుకుంటే మిగులు కనిపించదు. అద్దె ఇళ్లలో ఉండేవారికి, మేడ మీద హక్కు లేని అపార్ట్‌మెంట్ వాసులకు పైకప్పు పథకాలు ఇంకా సరిగ్గా అందుబాటులోకి రాలేదు. ఈ రంగంలో పెద్ద లోటు ఇదే. వారికి ప్రస్తుతం చేతిలో ఉన్నది ఫ్యాన్లు, దీపాలు, నక్షత్రాల గుర్తే. ప్యానెళ్లు చివరికి వ్యర్థాలుగా మిగలడం మరో సమస్య; కాలం చెల్లినవాటిని 2022 ఈ-వ్యర్థాల నియమాల పరిధిలోకి తెచ్చారు.

దరఖాస్తుకు ముందు

పైకప్పు సౌరవిద్యుత్తు కోసం దరఖాస్తు చేసేవారు గత పన్నెండు నెలల బిల్లులు ముందు పెట్టుకుని నెలవారీ యూనిట్లు చూసుకోవాలి. ఫ్యాన్లు, ట్యూబ్‌లైట్లు, నీళ్ల వేడి సంగతి తేల్చాక మిగిలిన సగటును 120తో భాగిస్తే అవసరమయ్యే గరిష్ఠ కిలోవాట్లు తెలుస్తాయి. జాతీయ పోర్టల్‌లో నమోదైన విక్రేతల నుంచే కనీసం రెండు కొటేషన్లు తీసుకుని, ప్యానెల్ రకం, ఇన్వర్టర్ వారంటీ, స్టాండు మందం, ఐదేళ్ల నిర్వహణ అందులో రాతపూర్వకంగా ఉన్నాయో లేదో చూసుకోవాలి.